నవ్వుతూ ఆడుకునే పాపకు బ్రాంకోస్కోపీ ఎందుకు?

ప్రశ్న:

డాక్టరు గారూ, మేము మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. మావారిది తెనాలి. మా పాపకు ఇప్పుడు నాలుగో నెల. పుట్టిన రెండో రోజున మడమ గుచ్చి రక్తం తీసుకెళ్లారు. అందులో అనుమానం వచ్చి చెమట పరీక్ష చేస్తే క్లోరైడ్ 92 వచ్చింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నారు. అరుగుదలకు ఎంజైములు ఇస్తున్నాం, బరువు బాగానే పెరుగుతోంది. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఇప్పుడేమో మత్తిచ్చి బ్రాంకోస్కోపీ (సన్నని గొట్టం దించి శ్వాసనాళాల్లోకి చూడటం) చేసి, ఊపిరితిత్తుల్లో కొంచెం సెలైన్ పోసి, తిరిగి తీసి పరీక్షిస్తామంటున్నారు. మిగిలిన నీళ్లను మెటబొలైట్ల మీద రీసెర్చ్‌కి వాడుకోవచ్చా అని సంతకం అడిగారు. "నవ్వుతూ ఆడుకునే పిల్లకు మత్తేంటి, గొట్టమేంటి, వద్దని చెప్పేయండి" అని మా అత్తగారు రోజూ ఫోన్‌లో ఒకటే గోల. ఏ లక్షణమూ లేనప్పుడు ఇది అవసరమా? ఆ మెటబొలైట్లు ఎక్కువ వస్తే పాప ఊపిరితిత్తులు పాడైపోయినట్టేనా? ఊపిరితోనో మూత్రంతోనో ఆ టెస్టు చేయలేరా? సంక్రాంతికి తెనాలి రావాలనుకుంటున్నాం, రావచ్చా? ఇంకో మాట. మా ఆడపడుచుకి వాళ్ల మేనమామ కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. పాప జబ్బుకీ దానికీ ఏమైనా లింకు ఉందా?

సమాధానం:

అమ్మా, ముందు మీ అత్తగారి మాటకే జవాబు చెప్తాను. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. జబ్బు కనిపించని పిల్లకు మత్తు ఎందుకని ఏ నాయనమ్మైనా అడుగుతుంది, అడగాలి కూడా. అయితే ఈ జబ్బు పైకి కనిపించేదాకా ఆగదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్) ఉన్న పిల్లలు దాదాపు మామూలు ఊపిరితిత్తులతోనే పుడతారు. శ్వాసనాళాల లోపలి పొరలో ఉప్పును, నీటిని సర్దే సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్ సరిగా పనిచేయదు కాబట్టి ఆ పొర మీదుండే తడి ఆరిపోతుంది, కళ్లె చిక్కబడి కదలకుండా ఉండిపోతుంది. ఇది మొదటి నెలల్లోనే మొదలవుతుంది. దగ్గు చాలా తర్వాత వస్తుంది.

ఈ సంగతి లోకానికి గట్టిగా చూపించినవాళ్లు మీ ఊరివాళ్లే. పర్త్, మెల్‌బోర్న్ నగరాల పిల్లల డాక్టర్లు కలిసి ఏరెస్ట్ సీఎఫ్ అనే కార్యక్రమం నడుపుతున్నారు. పుట్టగానే స్క్రీనింగ్‌లో బయటపడిన పిల్లలకు మూడో నెల నుంచే సీటీ స్కాన్, ఊపిరితిత్తులు కడిగిన నీటి పరీక్ష చేస్తూ ఏళ్ల తరబడి గమనించారు. 2013లో 127 మంది పసిపిల్లల ఫలితాలు ప్రచురించారు. మూడో నెలలోనే సుమారు 29 శాతం మందిలో బ్రాంకియెక్టాసిస్ కనిపించింది. అంటే శ్వాసనాళాలు వెడల్పై, గోడలు దెబ్బతినడం. మూడేళ్లు వచ్చేసరికి అది 61 శాతం దాటింది. వీళ్లలో చాలామంది మీ పాపలాగే నవ్వుతూ ఆడుకునేవాళ్లే. మూడో నెలలో కడిగిన నీటిలో న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ చురుగ్గా కనిపించిన పిల్లలకు, మూడేళ్లప్పుడు బ్రాంకియెక్టాసిస్ ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే నాలుగు రెట్లు ఎక్కువని అదే అధ్యయనం తేల్చింది. మీ హాస్పిటల్ ఆ పరీక్ష అడగడం వెనక ఉన్న కథ ఇదీ.

ఇక ఆ నీళ్లలో ఏం వెతుకుతారో కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఆ ఫారం మీద ఉన్న 'మెటబొలైట్లు' అనే మాటకు అర్థం తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

పసిపిల్లలకు వాడే బ్రాంకోస్కోపు బయటి మందం సాధారణంగా 2.8 మిల్లీమీటర్లు. మత్తులో ఉండగా దాన్ని కిందికి దించి, ఊపిరితిత్తిలో ఒక చిన్న కొమ్మ మొదట్లో ఆపి, పాప బరువును బట్టి కిలోకి సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున సెలైన్ పోసి వెంటనే లాగేస్తారు. ఇలా రెండు మూడుసార్లు చేస్తారు. పోసినదంతా తిరిగి రాదు. మిగిలిన కాస్తా ఒంట్లో ఇంకిపోతుంది, దానివల్ల ఇబ్బంది లేదు. గిన్నె కడిగిన నీళ్లు చూసి అందులో ఏం వండారో, ఎక్కడ అడుగంటిందో చెప్పొచ్చు కదా, ఇదీ అలాంటి పనే. ఆ నీళ్లలో కొంత బ్యాక్టీరియా పరీక్షకు వెళ్తుంది, కొంత కణాలు లెక్కించడానికి వెళ్తుంది. కణాలు తీసేశాక మిగిలే తేట నీటిని మైనస్ 80 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి దాస్తారు. రీసెర్చ్‌కి ఇవ్వమంటున్నది ఆ తేటనే. దాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే కణాల రోజువారీ పనిలో పుట్టే చిన్న చిన్న అణువులు ఏవేవి, ఎంతెంత ఉన్నాయో తెలుస్తుంది. అవే మెటబొలైట్లు.

ఊపిరితిత్తిలో వాపు మొదలైతే ఈ అణువులు ఎందుకు పెరుగుతాయో చూడండి. కళ్లె కదలకుండా ఉండిపోయిన చోటికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. క్రిములను చంపడానికి అవి హైపోక్లోరస్ ఆసిడ్ తయారుచేస్తాయి. మన బావిలో బ్లీచింగ్ పౌడర్ వేస్తే నీళ్లలో పుట్టేదీ అదే ఆసిడ్. క్రిమి ఉన్నా లేకపోయినా అది పక్కనున్న ప్రొటీన్లను కూడా కాలుస్తుంది. అలా కాలిన గుర్తే మెథియోనిన్ సల్ఫాక్సైడ్. మన ఊపిరితిత్తిని కాపాడే గ్లుటాథయోన్ కూడా ఆ దాడిలో మారిపోయి గ్లుటాథయోన్ సల్ఫోనమైడ్ అవుతుంది. న్యూట్రోఫిల్స్ వదిలే ఎలాస్టేజ్ శ్వాసనాళం గోడలోని సాగే పీచును కత్తిరిస్తుంటే అమైనో ఆమ్లాలు, ప్రొటీన్ ముక్కలు నీళ్లలో పెరుగుతాయి. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ, దెబ్బతిన్న కణాల నుంచి కారి, విరిగి అడెనోసిన్, హైపోక్సాంథిన్, క్సాంథిన్‌గా మారుతుంది. కళ్లె అడ్డుపడి ఆక్సిజన్ సరిగా అందని చోట లాక్టేట్ పెరుగుతుంది. ఇందులో నన్ను బాగా కలవరపెట్టే సంగతి ఒకటుంది. గోడలోని కొల్లాజెన్ విరిగినప్పుడు వచ్చే కొన్ని ముక్కలు మరిన్ని న్యూట్రోఫిల్స్‌ని పిలుస్తాయి. అంటే నష్టమే మళ్లీ నష్టాన్ని పిలుచుకొస్తుంది. ఆ చక్రం మొదటి తిప్పులోనే దొరికితే బాగుండునన్నదే ఈ పరిశోధన అంతటి వెనకున్న ఆశ.

2016లో అమెరికా నార్త్ కరోలినా యూనివర్సిటీకి చెందిన చార్ల్స్ ఎస్తర్ బృందం ఆస్ట్రేలియా వాళ్లతో కలిసి, కడిగిన నీటిలోని ఇలాంటి మెటబొలైట్లకూ పసిపిల్లల సీటీలో కనిపించే తొలి నష్టానికీ సంబంధం ఉందని చూపించింది. 2019లో వాళ్లే ఇంకో అడుగు ముందుకేశారు. బడికి కూడా వెళ్లని పిల్లల్లో, చెప్పుకోదగ్గ ఇన్‌ఫెక్షన్ లేనివాళ్లలో కూడా, కడిగిన నీటిలో కళ్లె పొరలు పొరలుగా తేలింది, దాని చుట్టూ వాపు గుర్తులూ ఉన్నాయి. క్రిమి వచ్చాకే ఊపిరితిత్తి చెడుతుందని మేము చదువుకున్న రోజుల్లో అనుకునేవాళ్లం. ముందు కళ్లె, దానితో వాపు, తర్వాతే క్రిమి అని ఇప్పుడు అర్థమవుతోంది. ఈ వరస తెలియడం వల్ల మీ పాపకు ఏం లాభమో కిందికి వచ్చాక చెప్తాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఆ మెటబొలైట్లు ఎక్కువుంటే పాప ఊపిరితిత్తులు పాడైనట్టేనా? కాదు. రిపోర్టు ఇమ్మని పట్టుబట్టొద్దని కూడా నా సలహా. కారణాలు చెప్తాను. పోసిన సెలైన్‌లో అసలు ద్రవం ఎంత కలిసిందనేది పిల్లకూ పిల్లకూ, ఒక్కోసారి అదే పిల్లలో కుడివైపుకూ ఎడమవైపుకూ కూడా మారుతుంది. దాన్ని సరిచేయడానికి రక్తంలోని యూరియాతో పోల్చి లెక్కగడతారు, అయినా తేడాలు మిగిలే ఉంటాయి. రెండోది, ఒక కొమ్మ కడిగితే ఆ కొమ్మ సంగతే తెలుస్తుంది. మూడోది ముఖ్యమైనది. ఈ అంకె దాటితే ఈ మందు ఇవ్వాలి అనే గీత ఈ మెటబొలైట్లలో దేనికీ ఎవరూ గీయలేదు. వందమంది పిల్లల్ని కలిపి చూస్తే తేడా కనిపిస్తుంది. ఒక్క మీ పాప అంకె చూసి భవిష్యత్తు చెప్పడం కుదరదు. అలాంటి అంకె చేతిలో పెట్టుకుని రాత్రుళ్లు ఇంటర్నెట్‌లో వెతికే తల్లిదండ్రుల్ని నేను చూస్తూనే ఉంటాను. మీకు ఆ బాధ వద్దు.

ఇంకో కారణం కూడా ఉంది. కొలిచేది తగ్గినంత మాత్రాన ఊపిరితిత్తి బాగుపడిందనుకోవడానికి లేదు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో పసిపిల్లలకు మూడో నెల నుంచి మూడేళ్ల దాకా అజిత్రోమైసిన్ ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. వాపుకు సంబంధించిన ఐఎల్-8 లాంటి సూచికలు తగ్గాయి, పిల్లలు హాస్పిటల్‌లో గడిపిన రోజులూ తగ్గాయి. కానీ మూడేళ్లప్పుడు సీటీలో బ్రాంకియెక్టాసిస్ మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకలాగే ఉంది.

మరి బ్రాంకోస్కోపీకి ఒప్పుకోవాలా? ఇక్కడ మీ డాక్టర్ల వైపు బలాన్నీ, బలహీనతనీ రెండూ మీ ముందు పెడతాను. 2011లో ప్రచురించిన పెద్ద అధ్యయనం ఒకటి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలోనే జరిగింది. 170 మంది పసిపిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు కడిగిన నీటి పరీక్ష చేస్తూ దాన్నిబట్టి వైద్యం చేశారు. రెండో గుంపుకు గొంతులోంచి తీసిన స్వాబ్, లక్షణాలు చూసి మామూలుగా వైద్యం చేశారు. ఐదేళ్లు వచ్చాక సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో గానీ సీటీ స్కోరులో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఈ పరీక్ష చేయించుకోకపోతే పాపకు అన్యాయం చేసినట్టు కాదు. ప్రపంచంలో చాలా మంచి సీఎఫ్ సెంటర్లు దీన్ని మామూలుగా చేయవు.

అయినా మీ పరిస్థితిలో నేనైతే ఒప్పుకుంటాను. పసిపిల్లలకు కళ్లె ఉమ్మడం రాదు, గొంతు స్వాబ్ ఊపిరితిత్తుల్లో ఉన్న క్రిమిని ఒక్కోసారి పట్టుకోలేదు. సూడోమోనాస్ మొదటిసారి కనిపించినప్పుడే పీల్చే యాంటీబయాటిక్‌తో పూర్తిగా తరిమేసే అవకాశం బాగా ఉంటుంది. పాతుకుపోయాక కష్టం. మీరున్న చోట ఈ పనిలో చేయి తిరిగిన మత్తు డాక్టర్లు, బ్రాంకోస్కోపీ టీములు ఉన్నాయి. అదే మత్తులో సీటీ కూడా చేసేస్తారేమో అడగండి, అలా అయితే రెండుసార్లు మత్తు అక్కర్లేదు. పాపకు జలుబో జ్వరమో ఉంటే ఆ రోజు వాయిదా వేయించండి. పాలు ఎప్పుడు ఆపాలో వాళ్లు చెప్పిన టైం ఖచ్చితంగా పాటించండి, ఏడుస్తోందని మధ్యలో పట్టకండి. ఆ సాయంత్రం కొంతమంది పిల్లలకు జ్వరం వస్తుంది, కొంచెం దగ్గుతారు, మర్నాటికి తగ్గుతుంది. ఊపిరి వేగంగా తీస్తున్నా, పాలు తాగకపోయినా, జ్వరం ఒక రోజు దాటినా వెంటనే ఫోన్ చేయాలి. పుట్టుకతో గుండె సమస్యో మరొకటో ఉంటే మాత్రం నా జవాబు మారుతుంది, ఆ సంగతి ముందే వాళ్లతో మాట్లాడండి.

రీసెర్చ్ ఫారం మీద సంతకం? ధైర్యంగా పెట్టండి. ఎలాగూ తీసిన నీళ్లలో మిగిలినవే కాబట్టి పాపకు అదనపు గుచ్చుడు ఏమీ ఉండదు. అదనంగా రక్తం కావాలంటే అప్పుడు విడిగా ఆలోచించండి. వద్దనుకుంటే వైద్యంలో తేడా రాదని వాళ్లు రాసివ్వాలి, అది ఫారంలో ఉందో లేదో చూసుకోండి. ఈ సంతకాన్ని నేను ఇంతగా సమర్థించడానికి కారణం ఉంది. సరిగా పనిచేయని ఆ సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్‌ని పనిచేయించే ట్రైకాఫ్టా అనే మూడు మందుల కలయిక 2019లో అమెరికాలో 12 ఏళ్లు దాటినవాళ్లకు అనుమతి పొందింది, 2023 నాటికి రెండేళ్లు నిండినవాళ్ల దాకా వచ్చింది. ఇలాంటి మందులు ఇంకా చిన్న పిల్లలకు పనిచేస్తున్నాయా లేదా అని తేల్చాలంటే ఏం కొలవాలి? ఊది చూసే పరీక్ష పసిపిల్లలు చేయలేరు. పెద్ద పిల్లల్లో కూడా అది చాలాకాలం నార్మల్‌గానే వస్తుంది. సీటీలో మార్పు కోసం ఏళ్లు ఆగాలి. కొన్ని నెలల్లోనే తేడా చూపించే సూచిక దొరికితే మందుల పరీక్షలు తొందరగా అవుతాయి. మీ పాప ఇచ్చే ఆ కాస్త తేట నీరు అందుకు పనికొస్తుంది. మీ పాపకు ఏ జన్యు మార్పులు ఉన్నాయో, వాటికి ఏ మందు ఏ వయసు నుంచి అక్కడ దొరుకుతుందో ఈసారి విజిట్‌లో తప్పకుండా అడగండి. మనవాళ్లలో ఎఫ్508డెల్ అనే మార్పు యూరప్‌వాళ్లలో ఉన్నంత ఎక్కువగా ఉండదు కాబట్టి రెండు మార్పులూ ఏవో తెలుసుకోవడం ముఖ్యం.

ఊపిరితో, మూత్రంతో చేయలేరా అన్నారు. ప్రయత్నాలు జరుగుతున్నాయి. వదిలిన ఊపిరిని చల్లబరిచి చుక్కలుగా పట్టి అందులో ఇవే ప్యూరిన్లు (పైన చెప్పిన అడెనోసిన్, హైపోక్సాంథిన్ లాంటివి) కొలిచారు. గోడలోని సాగే పీచైన ఎలాస్టిన్ విరిగితే పుట్టే డెస్మోసిన్‌ని మూత్రంలో చూశారు. కానీ ఊపిరి చుక్కల్లో అసలు పదార్థం మరీ తక్కువ, మూత్రమేమో ఒళ్లంతటి సంగతి కలిపి చెప్తుంది. ఇప్పటికి అవి బ్రాంకోస్కోపీ స్థానంలోకి రాలేదు. మీ హాస్పిటల్‌లో లంగ్ క్లియరెన్స్ ఇండెక్స్ చేస్తారేమో కనుక్కోండి. మామూలుగా ఊపిరి పీలుస్తూ ఉంటే చాలు, గాలి ఎంత సమానంగా అన్ని మూలలకూ వెళ్తోందో చెప్పే పరీక్ష అది. పాప పెరిగేకొద్దీ బాగా పనికొస్తుంది.

ముందు కళ్లె, తర్వాతే క్రిమి అన్నాను కదా, ఆ వరస మీ చేతిలో ఉన్న పనికి బలం ఇస్తుంది. రోజూ చేయించమన్న ఫిజియోథెరపీ దగ్గు లేదు కదా అని మానకండి. దగ్గు లేని రోజుల్లో చేసేదే అసలు వైద్యం. 2022లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు 48 వారాల పాటు 7 శాతం ఉప్పునీటితో నెబ్యులైజేషన్ ఇచ్చి చూస్తే, మామూలు సెలైన్ పీల్చినవాళ్ల కంటే సీటీలో ఊపిరితిత్తులు మెరుగ్గా కనిపించాయి. పాపకు దాన్ని ఎప్పుడు మొదలుపెడతారో మీ టీమునే అడగండి, సొంతంగా వద్దు.

సంక్రాంతికి రండి. జనవరి మంచి సమయమే. మే నెలలో అయితే వద్దనేవాణ్ని, ఎందుకంటే ఈ పిల్లలు చెమటలో ఉప్పు విపరీతంగా పోగొట్టుకుంటారు, మన ఎండల్లో ఒక్క పూటలో నీరసించి పడిపోతారు. జనవరిలో కూడా మీ డైటీషియన్ చెప్పిన ఉప్పు మోతాదు మానొద్దు. ఎంజైములు, మందులు చేతి సంచిలోనే తెచ్చుకోండి. కానీ అత్తగారితో రెండు విషయాలు ఇప్పుడే మాట్లాడుకోండి, వచ్చాక మాట్లాడితే ఇద్దరికీ ఇబ్బంది. ఒకటి, స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేయకూడదు. ఒక్కసారి కూడా. భోగి మంట దగ్గరికి కూడా పాపను తీసుకెళ్లొద్దు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే వీధిలోకే వెళ్లాలి. రెండు, జలుబు రాకుండా ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఆముదం పట్టడం లాంటివి అసలు వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అదే ఒక న్యుమోనియా. ఒంటికి నూనె రాసి నలుగు పెట్టడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు, ఆవిడ ముచ్చట తీరేలా రోజూ చేయించండి. చూడ్డానికి వచ్చేవాళ్లలో జలుబున్నవాళ్లు పాపను ఎత్తుకోకుండా చూసుకోండి. పాప నవ్వుతూ ఉందంటే జబ్బు లేదని కాదని, ఆ నవ్వు అలాగే ఉండాలనే ఇన్ని జాగ్రత్తలని ఆవిడతో నా మాటగా చెప్పండి.

చివరగా మీ ఆడపడుచు పెళ్లి విషయం. లింకు ఉంది, చూసుకోవాల్సిందే. పాపకు జబ్బు వచ్చిందంటే చెడిన జన్యువు ఒకటి మీ నుంచి, ఒకటి మీవారి నుంచి వచ్చిందన్నమాట. మీ ఇద్దరికీ ఈ జబ్బు లేదు, రాదు కూడా. మీవారికి ఆ జన్యువు వాళ్ల అమ్మగారి నుంచి వచ్చి ఉండొచ్చు, నాన్నగారి నుంచి వచ్చి ఉండొచ్చు. ఎటు నుంచి వచ్చినా మీ ఆడపడుచులో కూడా అది ఉండే అవకాశం సగానికి సగం. అమ్మగారి వైపు నుంచే వచ్చి ఉంటే మేనమామకూ, ఆయన కొడుక్కీ కూడా ఉండొచ్చు. అమ్మాయికీ అబ్బాయికీ ఇద్దరికీ ఉంటే వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మన దగ్గర పుట్టగానే ఈ జబ్బుకు స్క్రీనింగ్ మామూలుగా జరగదు. ఎంతోమంది పిల్లలు టీబీ అనో ఆస్తమా అనో మందులు మింగుతూ ఏళ్లు గడిపాక గానీ చెమట పరీక్ష దాకా రారు. అందుకే నేను దీన్ని పెద్ద విషయంగా తీసుకుంటాను.

పెళ్లి ఆపమని నేను అనడం లేదు. ముందు మీ ఆడపడుచుకు ఒక్క రక్త పరీక్ష చేయించండి. మీవారిలో ఏ మార్పు ఉందో దానికోసమే వెతకమనాలి. అది లేదని తేలితే వాళ్లింట్లో తిరిగే ఆ మార్పు గురించి చింత లేదు. ఉందని తేలితే అబ్బాయికి కూడా చేయించాలి, అతనికి జన్యువు మొత్తం చదివించడం మేలు. ఇద్దరికీ ఉంటే జెనెటిక్ కౌన్సెలర్‌తో కూర్చుని మాట్లాడి నిర్ణయం వాళ్లే తీసుకుంటారు. హైదరాబాద్‌లో ఈ పరీక్షలు చేసే ల్యాబులు ఉన్నాయి. మీవారి జన్యు రిపోర్టు కాపీ ఒకటి ముందే పంపించండి. అది చేతిలో లేకపోతే ల్యాబ్‌వాళ్లు కొన్ని మార్పులనే వెతికే మామూలు ప్యానెల్ చేసి నెగెటివ్ అని ఇచ్చేస్తారు, మనవాళ్లలో ఉండే మార్పులు చాలావరకు ఆ ప్యానెల్‌లో దొరకవు.